దివాణం అరుగు మీది రాయి

తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నాకు మా నాయన డేవిడ్‌రాజు గుర్తొస్తాడు. ఏటా ఉగాది ముందు రాజమోహన్ గారి దివాణానికి సున్నం కొట్టేవాడు. బయటి గోడలకే. లోపలి గోడలకు వేరే మనుషులు. నలభై ఏళ్లలో ఆయన ఆ గడప దాటింది లేదు. తొంభై నాలుగులో ఆ మేడ పడగొడతారని తెలిసి, "ఒక్కసారి లోపల చూడాలని ఉండాది సారా," అని నాతో అన్నాడు.

అడిగితే పోయేదిగా అంటారేమో. ఊరవతల మా పాలెంలో పుట్టుంటే అలా అనరు.

ఉదయగిరి దుర్గం ఏలిన రాజు ఆ మేడను తమ పూర్వీకుడికి కానుకగా ఇచ్చాడని రాజమోహన్ గారు కనపడ్డవాళ్లందరికీ చెప్పేవారు. సాక్ష్యం అరుగు మీద నిలబెట్టిన రాయి. వాళ్లమ్మ ప్రమీలమ్మ ప్రతి శుక్రవారం దానికి నూనె, పసుపు పట్టించేది. ఆమె అత్తా అంతే. ఆ జిడ్డు కింద ఏం రాసుందో ఏ తరమూ చూడలేదు. చదవకుండా గర్వపడటంలో ఉన్న సుఖమే వేరు!

పడగొట్టేలోపు రాయి చదివించి పేపర్లో వేయించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. నేను దుత్తలూరులో తెలుగు టీచర్ని, పాత శాసనాలు చదవడం నేర్చుకున్నాను. కబురు పెట్టారు. నాయన్నీ వెంట తీసుకుపోయాను.

కుంకుడు రసంతో రుద్ది, ఆరాక బియ్యప్పిండి అద్దితే అక్షరాలు తెల్లగా తేలాయి. పైకి చదివాను. దుర్గానికి పోయే బాటసారుల కోసం కట్టిన సత్రం ఇది. వీళ్ల పూర్వీకుడు దాన్ని చూసుకునే మనిషి. వచ్చినవారిని కులం అడగరాదు, తలుపు మూయరాదు.

రాజమోహన్ గారి మొహం మాడిపోయింది. "సరిగ్గా చూడమ్మా."

"మూడుసార్లు చూసినాను సార్."

నాకు లోలోపల నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. రాజమోహన్ గారు నాయన వైపు తిరిగి, "లోపలికి రా డేవిడూ," అన్నారు.

నాయన కదల్లేదు. "రాయి పిలస్తా ఉండాదా అయ్యా, మీరు పిలస్తా ఉండారా?"

ప్రమీలమ్మే గడప దాటి వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది. "నేను పిలస్తా ఉండాను, రా. ఇన్నేండ్లూ పిలవంది కూడా నేనే."

లోపల చల్లగా, మసక వెలుతురుగా ఉంది. నాయన గోడను అరచేత్తో తడిమి చూశాడు.

"లోపలా మన సున్నమే సారా," అన్నాడు. "దీనికా నన్ను బయట నిలబెట్టినారు?"

అని గోడకు తల ఆనించి ఏడ్చాడు.