కడిగిన గచ్చు

చెలమలో ఊరిన నీళ్లు తేటపడేదాకా పీరాసాబ్ ఏటి ఇసుకలో గొంతుక్కూచున్నాడు. తొందరపడి ముంత ముంచితే బురద లేస్తుంది. బురదనీళ్లు తెస్తే కాంపౌండరు జయరాముడు అరుస్తాడు. వాన మొహం చాటేసి ఇది రెండో ఏడు. బావి ఎండిపోయాక ఆ చిన్న సర్కారు ఆస్పత్రికి ఈ చెలమా, పీరాసాబ్ కావడీ తప్ప వేరే దిక్కు లేదు.

కావడి మోసీ మోసీ ఆయన కుడిభుజం మీద కాయ కాచింది, మెడ ఒకపక్కకు వాలిపోయింది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఎవరేం చెప్పినా "సరే సార్" అనడం తప్ప మరోమాట ఎరగడు. ఏళ్ల తరబడి ఆ మాటతోనే కడుపు నింపుకుంటున్నాడు.

రెండు డబ్బాలతో ఆస్పత్రి చేరేసరికి కట్టెల కొట్టం దగ్గర ఓబన్న ఎదురొచ్చాడు. గుమ్మఘట్ట పక్క పల్లెలో కూలి చేసుకునేవాడు. అతని పెళ్లాం నల్లమ్మకు నిన్నటి నుంచి వాంతులు, భేదులు. రాత్రంతా వార్డులో మంచం మీదే ఉంది. తెల్లారగానే ఆమెను తెచ్చి ఈ కొట్టంలో పడుకోబెట్టారు. జిల్లా నుంచి పెద్ద డాక్టరు తనిఖీకి వస్తున్నాడు మరి. రోగులు కనబడని ఆస్పత్రే మంచి ఆస్పత్రి అని మన సర్కారువారి లెక్క. మంచాల మీద బీరువాలోంచి తీసిన తెల్లదుప్పట్లు పరిచేశారు.

"రోన్ని నీళ్లు పొయ్యన్నా. నాలుక పిడచకట్టుకపోయినాది దానికి" అన్నాడు ఓబన్న.

పీరాసాబ్ చెంబు నింపి ఇచ్చాడు. కళ్లు గుంటలు పడ్డ నల్లమ్మ గటగటా తాగి, ఇంకా కావాలన్నట్టు చెయ్యి చాపింది. నిన్నటి నుంచి కడుపులో నీళ్లు నిలవడం అదే మొదటిసారి. సీసాలో మందు గంటకో మోతాదు పోస్తూ, నీళ్లు ఆపకుండా పట్టిస్తే బతుకుతుందని ఆస్పత్రి డాక్టరు పొద్దున చెప్పిపోయాడు. ఓబన్న మొహం కాస్త తేటపడింది.

అంతలో జయరాముడు వచ్చాడు.

"ఏమప్పా పీరా, ఈడ కూచుంటే ఎట్ల? జీపు రాయదుర్గం దాటినాదంట. నీళ్లు పట్టుకరా, గచ్చు కడగాల."

"ఆయమ్మకు ఒక డబ్బా పెడతా సార్."

"మళ్లా తెచ్చుకుందువులేప్పా. ఆయప్పకు కోపమొస్తే మనందరి కూడు పోతాది."

"సరే సార్" అన్నాడు పీరాసాబ్. రెండు డబ్బాలూ వార్డు గచ్చు మీద కుమ్మరించాడు. నీళ్లు మంచాల కిందుగా పారి గుమ్మం దాటుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది.

మళ్లీ ఏటికి పరుగెత్తాడు. చెలమ అడుగున తడి తప్ప ఏమీ లేదు. గోళ్లతో ఇసుక తోడి, ఊరేదాకా కూచుని, చివరికి డబ్బా అడుగున ఇన్ని నీళ్లు పట్టుకుని వచ్చేసరికి జీపు రానే వచ్చింది. పనివాళ్లంతా వరసలో నిలబడాలన్నారు. ఆయన కూడా డబ్బాతో సహా నిలబడ్డాడు.

పెద్ద డాక్టరు కిటికీ చెక్క మీద వేలు రాసి చూసుకున్నాడు. దుప్పట్లు చూశాడు. గచ్చును మరీ మరీ చూశాడు. పోతూ పోతూ పీరాసాబ్ ముందు ఆగాడు.

"ఇక్కడ నీళ్లకు ఇబ్బందేమైనా ఉందా?"

అన్నేళ్లలో ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు. కొట్టం పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. మాట గొంతుదాకా వచ్చింది. వెనకనుంచి ఆస్పత్రి డాక్టరు ఆయన వంకే చూస్తున్నాడు.

"ఏం ల్యాదు సార్. సరిపోతాండాయి" అంది పీరాసాబ్ నోరు.

"ఇంత కరువులోనూ గచ్చు ఇంత శుభ్రంగా ఉంచారు. జిల్లాలో ఇలాంటి ఆస్పత్రి ఇంకొకటి చూడలేదు" అని మెచ్చుకుని పెద్ద డాక్టరు జీపెక్కాడు.

పీరాసాబ్ డబ్బా పట్టుకుని కొట్టంలోకి పోయాడు. ఓబన్న ఒళ్లో నల్లమ్మ తల ఉంది. అతను ఆమె రెప్పలు మూస్తున్నాడు.

"ఇంక వద్దులేన్నా" అన్నాడు ఓబన్న.

"నన్నడిగినాడు ఓబన్నా. నేనే చెప్పలేకపోతి."

ఎవరు అడిగారో, ఏమడిగారో తెలుసుకునే ఓపిక ఓబన్నకు లేదు. సాయంత్రం ఒక ఎద్దులబండి దొరికితే, ఇద్దరూ కలిసి ఆమెను ఎక్కించారు. బండి కనుమరుగయ్యేదాకా పీరాసాబ్ దారిలోనే నిలబడ్డాడు. తర్వాత కొట్టం ఊడవడానికి వచ్చాడు.

గోడ గూట్లో నల్లమ్మ మందు సీసా ఉంది. మోతాదుకొక గాటు పెట్టి అంటించిన కాగితం పక్కన, మందు ఒక్క మోతాదే తగ్గి మొదటి గాటు దగ్గరే ఆగి ఉంది.