పక్కన పెట్టిన సంచి

తెల్ల కాగితం ఒక పక్కకు, రంగు కాగితం ఒక పక్కకు, అట్టలు కాళ్ల దగ్గరికి. పొద్దున ఎనిమిదింటికే వాహెద్ ముందున్న కుప్ప సగానికి దిగింది. చూసి వేరు చేస్తున్నాడనుకుంటారు గాని, అతను చూసేది తక్కువ. కాగితాన్ని రెండు వేళ్ల మధ్య ఒకసారి ఆడిస్తే చాలు, ఆ చప్పుడుకే ఏ పక్కకు పోవాలో చేతికి తెలిసిపోతుంది. ప్రాజెక్టు రికార్డుల ప్లాస్టిక్ చుట్టలు ఊడబెరికి డబ్బాలో వేస్తాడు. పిన్నులను విరిగిన రంపపు బ్లేడుతో లేపుతాడు. ఆ పనిలోనే కుడిచేతి గోళ్లు రెండు పోయి, మళ్లీ వంకరగా మొలిచాయి.

కుడి నుంచి ఎడమకు నడిచే రాత కనిపించినప్పుడు మాత్రం ఆ చెయ్యి ఆగుతుంది. ఆ కాగితాన్ని తొడ మీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, వెనక షెడ్డు గోడకు ఆనించిన గోనెసంచిలో వేస్తాడు. అది ఉర్దూ క్లాసు నోట్సు కావచ్చు, పాత పేపరు కావచ్చు, బిర్యానీ హోటలు కరపత్రం కావచ్చు. వాహెద్‌కు ఉర్దూ చదవడం రాదు, తెలుగు చదవడమూ రాదు. అందుకని అన్నీ సంచిలోకే.

కరీంనగర్ శివారులోని ఆ విశ్వవిద్యాలయంలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. బక్క మనిషి. గోరింటాకు రంగు వెలిసిన గడ్డం, మెడ దగ్గర పీచులు లేచిన చొక్కా, ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం చెప్పు. రద్దీ అంటే పాత కాగితం, అందుకని అందరూ ‘రద్దీ చాచా’ అంటారు. అసలు పేరు అడిగినవాళ్లు తక్కువ. అడగలేదని అతనూ బాధపడలేదు.

పోశవ్వ చీపురు భుజాన వేసుకుని షెడ్డు ముందు నిలబడింది. క్లాసు గదులు ఊడ్చే మనిషి. వాహెద్ కంటే నాలుగేళ్లు చిన్న, నోరు మాత్రం నాలుగింతలు పెద్ద.

“వాహెదన్నా, ఇంకా గా సంచికే కావలి గూసున్నవా? షెడ్డు ఇయ్యాల ఖాళీ జెయ్యాల్నట. పొద్దుమీకి మిషన్ అస్తున్నది.”

“ఎవలన్నరు?”

“మమత మేడం నిన్న మీటింగుల అందరి ముంగట జెప్పింది. నీకు ఇనవడలే?”

వినబడింది. విననట్టుంటే ఒక రోజన్నా ఆగుతుందేమోనని చూశాడు.

వ్యవహారం చిన్నదేం కాదు. రెండేళ్ల కింద ఒక్క లైబ్రరీ భవనంలో మొదలుపెట్టిన చెత్త వేరుచేసే కార్యక్రమాన్ని ఇప్పుడు ప్రాంగణమంతా పెంచుతున్నారు. హాస్టళ్లు, క్యాంటీను, పరీక్షల విభాగం, అన్నిచోట్లా నాలుగు రంగుల డబ్బాలు దిగాయి. కాగితాన్ని కుక్కి దిమ్మెలుగా కట్టే మిషను మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి వస్తోంది. దిమ్మెలు నేరుగా మిల్లుకే. ప్రాంగణంలో పుట్టిన కాగితం ఒక్క ముక్క కూడా వేరే దారిన బయటికి పోకూడదని నియమం. మంచి పనే. వాహెద్ కూడా మంచి పనే అనుకున్నాడు, ఆ నియమం తన సంచి దాకా వస్తుందని తెలిసేవరకు.

ఆ సంచిని అందరూ దేవుని సంచి అంటారు. అల్లా పేరున్న కాగితం కాళ్ల కింద పడకూడదని పక్కన పెడతాడనీ, నిండగానే బస్సెక్కి ధర్మపురి పోయి గోదావరిలో కలిపి వస్తాడనీ అందరికీ తెలుసు. ధర్మపురి రేవులో కొబ్బరికాయలమ్మే ఆమెకు కూడా తెలుసు. “నర్సింహసామికి ఏం దెచ్చినవ్ చాచా?” అని ఆటపట్టిస్తుంది. “ఉత్తరాలు దెచ్చిన” అంటాడు వాహెద్.

అందరికీ తెలిసింది సగమే.

ఇరవై రెండేళ్ల కింద వాహెద్ గల్లీల్లో తోపుడుబండి మీద రద్దీ కొనేవాడు. బిడ్డ కైనాత్ ఉర్దూ బడిలో ఐదో తరగతి. ఆ ఇంట్లో అక్షరం వచ్చింది ఆ పిల్ల ఒక్కదానికే. బడి కాపీ పుస్తకం మొదటి పేజీలో ఏదో రాసి, తండ్రి వేలు పట్టుకుని దాని మీద పెట్టి, ఇది నువ్వే అబ్బా అని నవ్వింది. వానకాలం జ్వరం వచ్చి ఐదు రోజుల్లో పోయింది. నలభయ్యో రోజు చాలీస్వాఁ అయిన మర్నాడు, చేతికి పని లేకుంటే పిచ్చెక్కేట్టుందని, వాహెద్ ఇంట్లో పేరుకున్న రద్దీ అంతా మూటలు కట్టి గోదాములో వేసి వచ్చాడు. ఆ మూటల్లో ఆ కాపీ కూడా పోయింది. భార్య గౌహర్ అర దగ్గర నిలబడి వెతుకుతుంటే అప్పుడు తెలిసింది. ఉరికాడు. లారీ ఇంకా అక్కడే ఉంది. మూటలు విప్పి, కాపీలన్నీ నేల మీద పరిచాడు. ఏది తన బిడ్డదో గుర్తుపట్టలేకపోయాడు. అన్ని రాతలూ ఒక్క తీరే ఉన్నాయి.

గౌహర్ తిట్టలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ కాపీ మాట ఎత్తలేదు. తిడితే బాగుండేదని వాహెద్ ఎన్నోసార్లు అనుకున్నాడు.

సంచి రంజాన్ నాటికే నిండింది. ఆయాసం, ఎగపోత ఎక్కువై బస్సెక్కలేకపోయాడు. ఈ పొద్దున రొట్టె కట్టి ఇస్తూ గౌహర్, ధర్మపురి ఊసెత్తితే గడప దాటనివ్వనంది.

మధ్యాహ్నం మమతారాణి వచ్చింది. పర్యావరణం పాఠాలు చెప్పే మేడం. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య చదువుకున్న పిల్ల, కార్యక్రమమంతా ఆమె నెత్తి మీదే ఉంది. వాహెద్‌కు ఆకుపచ్చ కోటు తొడిగించి, డబ్బాల పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. కోటు మోకాళ్ల దాకా వేలాడింది.

“మేడం, ఒక్క మాట” అన్నాడు వాహెద్. “గీ సంచి మిషన్ల ఎయ్యకుండ్రి. రేపు జుమ్మా. పొద్దుగాల్నే బస్సెక్కి ధర్మపురి పోతా. గంగల ఇడిసిపెట్టస్తా.”

“నదిలో కాగితాలు వేయొద్దు కదా చాచా. నేను పిల్లలకు చెప్పేదే అది.”

“ఎరుకే మేడం. గిదే ఆఖరు. మల్లొకసారి అడుగ.”

మమతారాణి సంచి వంక చూసింది. పై కాగితం తీసి తిప్పి చూసింది. అది చెప్పుల దుకాణం కరపత్రం. మీద జోడు బొమ్మ కూడా ఉంది. చెబుదామని నోరు తెరిచి, అతని మొహం చూసి, కాగితాన్ని మడత పడకుండా తిరిగి సంచిలోనే పెట్టింది.

“సరే, రేపటిదాకా. మిషన్ వాళ్లు ముట్టకుండా రాసి కడతా.”

నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, పెద్ద అక్షరాలతో రాసి, సన్నతాడుతో సంచి మూతికి కట్టింది.

“ఇండ్ల నా పేరున్నదా మేడం?”

“ఉంది. ఇదిగో, ఇది నీ పేరు.”

వాహెద్ వేలిని చొక్కాకు తుడుచుకుని ఆ మూడక్షరాల మీద పెట్టాడు. బతుకులో తన పేరు మీద వేలు పెట్టడం ఇది రెండోసారి.

జొన్నరొట్టె సగం తిన్నాడు. జోహర్ నమాజు కూర్చునే చదువుకున్నాడు. మోకాళ్లు ఎప్పటినుంచో సహకరించడం లేదు. ఆకుపచ్చ కోటు మడిచి పక్కన పెట్టి, సంచికి వీపు ఆనించి కాళ్లు చాపాడు. పొద్దుటి నుంచి గుండె మీద కూర్చున్న భయం దిగిపోయింది. రేపటి బస్సు గురించి, రేవులో మెట్లు ఎలా దిగాలా అని ఆలోచించాడు. కింది మెట్టు దాకా పోకున్నా, సంచి తిప్పి పోస్తే నీళ్లే తీసుకుంటాయి.

మూడింటికి పోశవ్వ చాయ్ తెచ్చింది. “వాహెదన్నా” అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

మనిషిని అంబులెన్సులో ఇంటికి చేర్చారు. మమతారాణి, పోశవ్వ వెంట పోయారు. గౌహర్ ఏడవలేదు. తలెత్తి, పోశవ్వకు అర్థమయ్యే తెలుగులో అడిగింది.

“సంచి ఏడున్నది?”

“ఫికర్ జెయ్యకు వదినె. మేడం రాసి కట్టింది, ఎవ్వలు ముట్టరు. నేనే తీస్కపోత ధర్మపురికి. నా బిడ్డ మీద ఒట్టు.”

అప్పుడు ఏడ్చింది గౌహర్.

మిషన్ వాళ్లు నాలుగున్నరకు వచ్చారు. ఇద్దరు. చెప్పినట్టే షెడ్డు ఖాళీ చేశారు, పనిమంతులు. గోడ దగ్గర గోనెసంచికి కాగితం కట్టి ఉంది. చూశారు. మరాఠీ తప్ప తెలుగు రాదు వాళ్లకు. ఏదో బరువు చీటీ అనుకుని తాడు తెంపి పక్కన పడేశారు. సంచి తిప్పి మిషన్‌లో పోశారు. చీకటి పడకముందే దిమ్మెలు లారీకెక్కాయి.

మర్నాడు మొదటి బస్సుకు పోదామని పోశవ్వ మంచి చీర కట్టుకుని వచ్చింది. షెడ్డు శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా అది ఎప్పుడూ లేదు. ఉత్త గోనెసంచి నాలుగు మడతలు పెట్టి మూలన ఉంది. పోశవ్వ నడి షెడ్డులో నిలబడిపోయింది. గౌహర్‌కు ఏం చెప్పాలి? పోయిందని చెప్పాలి. ఆ ఇంట్లో ఆ మాట వినబడటం అది రెండోసారి అవుతుందని ఆమెకు తెలియదు.

కాలి దగ్గర చీటీ కనిపించింది. వంగి తీసింది. సంచికి కట్టింది ఇదేనని గుర్తుపట్టింది, అందులో ఏముందో ఆమెకూ తెలియదు. నాలుగు రంగుల డబ్బాల వంక చూసింది. ఏ డబ్బాలోనూ వేయడానికి చెయ్యి రాలేదు. తొడ మీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, వాహెద్ చాయ్ గ్లాసు బోర్లించి ఉన్న గూట్లో, గ్లాసు కింద పెట్టింది.

ఆ చీటీ ఇంకా అక్కడే ఉంది, తెగిన తాడు ముక్కతో సహా: “వాహెద్ గారిది. రేపటి వరకు ముట్టుకోవద్దు.”