ఎండ రాసిచ్చినాం, నీడ కాదు

కర్ణాటకలో, తెలుగు మాట్లాడే వల్లూరులో సోలార్ పార్కు పలకలు కడిగే పని కోడి కూతతో మొదలవుతుంది. ఎండెక్కాక కడిగితే నీళ్లు గాజు మీదే మరకలై ఎండిపోతాయి. అందుకని నేత్రావతి, వెంకటక్క, వాళ్ల జట్టు ఆడవాళ్లు పొడుగు కర్రల బ్రష్షులు భుజాన వేసుకుని, ట్యాంకరు వెనక నడుస్తూ వరస తర్వాత వరస తోముకుంటూ పోతారు. ఒకప్పుడు ఇదే నేలలో వీళ్లే నడుము వంచి శనక్కాయ చెట్లు పెరికారు. ఇప్పుడు నేల కనబడదు, నడుము మాత్రం అట్లే వంగుతుంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ అద్దాల వైపు చూడలేరు. అప్పుడు అన్నం డబ్బాలు పట్టుకుని అందరూ ఒకే దిక్కుకు నడుస్తారు, కంచె పక్కన ఉన్న నేత్రావతి నేరేడు చెట్టు కిందికి. పలకల కిందా నీడ ఉంటుంది కదా అని పనికి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. ఒక్కరోజు ఆడ కూచుని చూస్తారు, పొయ్యి మీది పెనం కింద కూచున్నట్టు ఉంటుంది. మరుసటి రోజు వాళ్లూ చెట్టు కిందికే వస్తారు.

నేత్రావతి మామ చిక్కన్న బతికున్నప్పుడు పొలమంతా సోలార్ కంపెనీకి కౌలుకిచ్చాడు గానీ, చెట్టున్న తుండు నేల మాత్రం ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, "మజ్జిగ తాగడానికి ఒక చోటుండాల కదప్పా" అన్నాడట.

మజ్జిగ సంగతి ఎట్లా ఉన్నా, వైను సంఘం పుట్టింది మాత్రం ఆ చెట్టు కిందే. ఊరి స్త్రీశక్తి పొదుపు సంఘం ఆడవాళ్లను, పండ్ల రసాలు చేయడం నేర్పిస్తామని సర్కారువాళ్లు తుమకూరు తీసుకుపోయారు. నేర్పించే మేడమ్, రసాన్ని ఊరికే వదిలేస్తే పులిసి పాడైపోతుంది జాగ్రత్త అని హెచ్చరించింది. అందరిలోకీ పెద్దది దొడ్డమ్మ, చెయ్యెత్తి అడిగింది, పాడైతే ఏమవుతుందమ్మా అని. వైనులాగా అయిపోతుందని మేడమ్ చెప్పింది. ఆ రోజు దొడ్డమ్మ మళ్లీ ఇంకేమీ వినలేదు.

అప్పట్నుంచి ఏడాది పొడుగునా ఎవరికి చిక్కిన పండుతో వాళ్లు జాడీల్లో వైను పెడతారు. ఉగాది మరుసటి రోజు హొసతొడుకు. ఆ దినం ఊరంతా కోడి, పొట్టేలు ఉడుకుతుంటాయి, పార్కులో కడిగే పని ఉండదు. ఆడవాళ్లు తమ తమ జాడీల్లోంచి ఆ ఏటికి మేలైనదనుకున్న ఒక్క సీసా పట్టుకుని చెట్టు కిందికి వస్తారు. ఊళ్లో మగవాళ్లు దీనికి ఆడోళ్ల బారని పేరు పెట్టారు. "మీ బారులో తాగినోడు పడిపోతాడు, మా బారులో తాగినామె లేచి నిలబడతాది, అదే తేడా" అని దొడ్డమ్మ వాళ్ల నోరు మూయించింది.

సంఘానికి గట్టి కట్టుబాటు ఒకటుంది. తాగినవాళ్లు 'బాగుండాది' అనకూడదు. అది అల్లుడు అత్త వంట తిని చెప్పే మాటని దొడ్డమ్మ తీర్మానం. తాగితే ఏం గుర్తొచ్చిందో అది చెప్పాలి. ఈ ఏడు ఇంకొకటి కలిపారు, సీసా మీద పండు పేరు కన్నడంలో పెద్దగా రాసుండాలి. పోయినేడు ఎవరి సీసా ఏదో తెలియక జుట్లు పట్టుకునేదాకా వచ్చింది మరి.

పదో తరగతి దాకా కన్నడంలోనే చదివిన నేత్రావతికి రాయడం కష్టం కాదు. కానీ తన చెట్టు నేరేడు వైనుకు ఆమె చీటీ రాస్తున్న పొద్దునే గుమ్మం ముందర వీరేశ్ బైకు ఆగింది. అతనిది నిడుగల్లు, గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టి ఇప్పుడు పార్కులో సైటు ఇన్‌చార్జి అయ్యాడు. తెలుగులోనే మాట్లాడతాడు గానీ కంపెనీ పని చెప్పేటప్పుడు కన్నడం మాటలు దొర్లిస్తాడు.

"నెరళు పడతాండాదమ్మా నేత్రావతి," అన్నాడు, దిగకుండానే. నెరళంటే నీడ. "సాయంత్రమైతే మీ చెట్టు నెరళు మా మూడో వరస మీదికి సాగతాండాది. నెరళు పడితే కరెంటు పడిపోతాది. చెట్టు తీసేయాల."

"తుండు నాది."

"తుండు నీదే. నెరళు వచ్చి పడేది మాదాంట్లో కదా."

చెట్టు పొయ్యాక మేమంతా యాడ కూచుని తినాలని ఆమె అడిగింది. అది ఆఫీసు పని కాదన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోకపోవడాన్ని అతను ఒప్పుకోలేదు. అతను వెళ్లిపోయాక చూసుకుంటే చీటీ మీద రాసింది వేరే మాట. కన్నడంలో నేరేడును నేరళె అంటారు. ఆమె చెయ్యి మొదటి దీర్ఘం మింగేసి, చివర కొమ్ము పెట్టేసి, 'నెరళు' అని రాసింది. ఆ మనిషి అన్ని సార్లు ఆ మాటే అంటుంటే చెయ్యి మాత్రం ఏం చేస్తుంది. అప్పటికే చీటీ గోందుతో సీసాకు అంటుకుపోయింది, ఊడలేదు. ఆమె అట్లే వదిలేసింది.

హొసతొడుకు మధ్యాహ్నం చెట్టు కింద చాప పరిచారు. సుబ్బలక్ష్మమ్మ కూడా వచ్చింది. పార్కుకు అందరికన్నా ఎక్కువ పొలం కౌలుకిచ్చిన ఇల్లు ఆమెది. మొదటి ఏడు సొంత వెండి గ్లాసు తెచ్చుకుంటే దొడ్డమ్మ ఆ గ్లాసులో పోయనంది. ఇప్పుడు అందరితో పాటు స్టీలు గ్లాసే.

ముందు వెంకటక్క సీతాఫలం సీసా తిరిగింది. సుబ్బలక్ష్మమ్మ గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"నిడుగల్లు కోట మీద నుంచి మేకలు దిగే సప్పుడు వినపడతాండాది," అంది. "మేక వాసన గూడా ఉండాది కొంచెం."

"అది నీ గ్లాసు వాసన లేక్కా. పొద్దున దాంట్లో మేకపాలు పిండినా," అంది వెంకటక్క.

సుబ్బలక్ష్మమ్మ దానిమ్మ సీసా వచ్చినప్పుడు దొడ్డమ్మ నాలుక మీద చాలాసేపు ఆడించింది. "నాకు మా రెండో మరిది కనపడినాడు. వచ్చేటప్పుడు తియ్యగా వస్తాడు, పొయ్యేటప్పుడు గొంతు పట్టుకుని పోతాడు."

తర్వాత నేత్రావతి సీసా. నల్లగా, చిక్కగా ఉంది. చీటీ చదివి దొడ్డమ్మ మూత తీసి, తలా ఒక గుటక పోసింది. తాగాక వెంకటక్క చేయి కడుక్కోవడానికి ఎండలోకి లేచింది. ఆమెతో పాటు ఒక కొమ్మంత నీడ కూడా లేచి, తలపైన కదులుతూ ట్యాంకరు దాకా పోయింది. చెట్టు కింద ఆమె కూచున్న చోట మాత్రం చాప మీద ఎండ పడింది.

"సూడమ్మే, నీడకు చిల్లు పడింది," అంది సుబ్బలక్ష్మమ్మ.

"పడదా మరి. ఆమె తాగినంత ఆమెతో పోయింది. చీటీ మీద రాసుండేది అదే కదా," అని దొడ్డమ్మ తన కాళ్లు ఎండలోంచి పక్కకు లాక్కుంది. "అందరూ తిరక్కుండా కూచోండి. చాపంతా చిల్లులైతాది."

"నేను దానిమ్మ అని ఎందుకు రాసినానో. వాన అని రాసుంటే పొయ్యేది," అని సుబ్బలక్ష్మమ్మ నిజంగానే బాధపడింది.

నేత్రావతి ఆ చిల్లు వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే పికప్ బండి వచ్చి ఆగింది. సెలవు రోజు ఎవరూ ఉండరనుకుని వచ్చిన వీరేశ్‌కు చెట్టు కింద నిండు సంఘం కనపడింది. వెనక నుంచి మిషను రంపం పట్టుకుని ఇంకొకతను దిగాడు. కూలికొచ్చిన మనిషి, ఎవరి కళ్లలోకీ చూడలేదు.

"లేయండక్కా. పని కానీయండి," అన్నాడు వీరేశ్.

ఎవరూ లేవలేదు. నేత్రావతి కూచునే అడిగింది. "ఏ కారణానికి కోస్తావు అన్నా?"

"చెప్పినా కదా, నెరళు."

"అంటే చెట్టు కాదు నీకు అడ్డం. నీడ."

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదు. మా మామ ఇరవై ఎనిమిదేండ్లకు నేల ఇచ్చినాడు, దాని మీద పడే ఎండ ఇచ్చినాడు. ఎండ రాసిచ్చినాం, నీడ కాదు. నీడ మాది. యాడ పెట్టుకోవాలనేది మా ఇష్టం. ఈ పొద్దు సాయంత్రం నీ మూడో వరస మీద మా నీడ పడితే చెట్టు కొయ్యి, నేనే పట్టుకుంటా. పడకపోతే?"

వీరేశ్ నవ్వాడు. "పడకుండా యాడికి పోతాది? చెట్టుంటే నీడ ఉంటాది."

"పడకపోతే, అన్నా?"

"పడకపోతే ఈ చెట్టు జోలికి రాను. నేను గాదు, కంపెనీ వాడు ఎవడూ రాడు. సరేనా?"

"నువ్వు గూడా విన్నావు కదప్పా," అంది దొడ్డమ్మ రంపం మనిషితో. అతను తలూపి రంపం కింద పెట్టాడు.

"సాయంత్రం దాకా నిలబడే బదులు కూచో. చాప దగ్గరికొచ్చినోళ్లు రుచి చూడకుండా పోరాదు," అని నేత్రావతి తన సీసా ఎత్తింది. దొడ్డమ్మ ఆమె వైపు చూసింది. ఇద్దరికీ తెలుసు. ఆ సీసాలో మిగిలింది చెట్టు కింద మిగిలిన నీడంతా. రేపు మధ్యాహ్నం, ఎల్లుండి మధ్యాహ్నం, వచ్చే మండు వేసవంతా అన్నం డబ్బాలు విప్పుకునే చోటు అది. పోస్తే పోయినట్టే. పోయకపోతే చెట్టే పోతుంది.

"ఆలోచించే పోస్తాండావా?" అని మెల్లగా అడిగింది దొడ్డమ్మ.

"చెట్టుంటే ఏందో ఒకటి చూసుకోవచ్చు దొడ్డమ్మా," అని నేత్రావతి గ్లాసు అంచుదాకా పోసింది.

వీరేశ్‌కు దాహంగా ఉంది. దాహంకన్నా ఎక్కువగా, ఇంతమంది ఆడవాళ్ల ముందు కొంచెం కొంచెంగా చప్పరిస్తే నామోషీ అనిపించింది. ఒక్క ఎత్తున తాగేశాడు. ఇంకో గ్లాసు పోస్తే అదీ తాగాడు. సీసా ఖాళీ.

"బాగుం..." అనబోయాడు.

"ఆ మాట ఈడ చెల్లదు. ఏం గుర్తొచ్చింది చెప్పు," అంది దొడ్డమ్మ.

అతను మూతి తుడుచుకున్నాడు. "గొర్రెలు," అన్నాడు. "ఎండకు మా నాయన గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల పెట్టుకుని నిలబడేటివి. ఒకదాని నీడ ఇంకొకదానికి." ఎందుకు చెప్పానా అన్నట్టు లేచి నిలబడ్డాడు.

అతను లేవగానే చాప మీద, ఆడవాళ్ల తలల మీద, సీసాల మీద భళ్లున ఎండ పడింది. చెట్టు ఉన్నట్టే ఉంది, ఆకు ఆకూ ఉంది, కొమ్మల నిండా పూత ఉంది. కింద మాత్రం నిప్పుల్లాంటి ఎండ. తలా ఒక గుటకతో వాళ్లకొచ్చిన కొమ్మంత నీడ అప్పటికే కరిగిపోయింది, కొంగులు తల మీదికి లాక్కున్నారు గానీ ఒక్కరూ కదలలేదు. పొద్దు వాలేదాకా ఆ ఎండలోనే కూచున్నారు. పంతమంటే పంతం. సుబ్బలక్ష్మమ్మ కూడా లేవలేదు, మొహం కుంకుమలా ఎర్రబడినా సరే.

సాయంత్రం అందరూ కంచె దగ్గరికి నడిచారు. గుంజల నీడ సాగింది, ట్యాంకరు నీడ సాగింది, రంపం మనిషి నీడ పొడుగ్గా పడుకుంది. చెట్టుది ఏమీ లేదు. మూడో వరస పలకలన్నీ పడమటి వెలుగులో తళతళ మెరుస్తున్నాయి.

వీరేశ్ నమ్మలేక దగ్గరికి పోయాడు. అతను వరస పక్కన అడుగు పెట్టగానే ఒక పెద్ద చెట్టంత చల్లటి నీడ పలకల మీద పరుచుకుంది. వెంటనే ఫోను మోగింది.

"సార్, మూడో వరసలో కరెంటు పడిపోయింది," అన్నాడు కంట్రోల్ రూములోవాడు.

వీరేశ్ వెనక్కి వచ్చాడు. "ఇప్పుడు వచ్చింది సార్." నాలుగో వరస దగ్గరికి పోయాడు. "సార్, నాలుగో వరస." అతను ఎటు పోతే అటు ఫోను మోగింది. ఆఖరికి కంట్రోల్ రూములోవాడే సంగతి పసిగట్టి, "సార్, మీరు ఆడ్నుంచి బయటికి వచ్చేయండి సార్, అన్నీ సరిపోతాయి," అన్నాడు.

"చెట్టు నీడ వరస మీద పడిందా అన్నా?" అని అడిగింది నేత్రావతి.

వీరేశ్ ఫోను జేబులో కుక్కుకున్నాడు. బదులు రంపం మనిషి ఇచ్చాడు. "లేదక్కా. పడింది సారుది." రంపం తీసుకుపోయి బండిలో పడేశాడు.

కంపెనీవాళ్లు గొడవేం చేయలేదు. కంచె లోపలికి రావద్దని మాత్రం వీరేశ్‌కు చెప్పేశారు. ఆఫీసులో కూచోమన్నారు గానీ, ఆఫీసు కరెంటు కప్పు మీది పలకలదే. వారం తిరక్కుండా అతను గొర్రెల వెనక తేలాడు. నిడుగల్లులో తండ్రి మందకు తోడు పక్కవాళ్ల మందలూ అతని వెంటపడ్డాయి. ఎండలో చల్లగా నడిచే మనిషిని గొర్రె వదులుతుందా.

ఒకరోజు మంద తోలుకుని వల్లూరు దాకా వచ్చాడు. మధ్యాహ్నం, ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని కంచె దాటి అప్పుడే బయటికొచ్చారు. చెట్టు మీద పిందెలు ఎన్నడూ లేనంత దట్టంగా దిగాయి. కింద మటుకు కాలు పెట్టలేరు.

"నీ నీడ నువ్వు తీసుకో నేత్రావతి. నావల్ల కాదు," అన్నాడు. "పండుకుంటే పక్కింటోళ్లు గూడా వచ్చి పండుకుంటాండారు."

"చెట్టును అడుగు. పండ్లు రానీ, మళ్లా వైను పెట్టాల, అది ఊరాల. అంతదాకా నా చేతిలో ఏముండాది?" ఆమె డబ్బా మూత విప్పుతూ అతని నీడలోనే చాప పరిచింది. "కొయ్యను వచ్చినావు కదన్నా. కొన్నాళ్లు మొయ్యి."

అతను బదులేదో చెప్పబోయాడు. ఆలోపే దొడ్డమ్మ, వెంకటక్క, మిగతావాళ్లు చుట్టూ చేరి కూచున్నారు, వాళ్ల మధ్య సందుల్లో గొర్రెలు తలలు దూర్చాయి. ముద్ద కలుపుతూ వెంకటక్క తలెత్తి చూసింది.

"వీరేశా, కొంచెం పడమటికి జరుగప్పా. దొడ్డమ్మ కాళ్లకు ఎండ తగలతాండాది."

వీరేశ్ జరిగాడు.