తడి ఫారాలు

అచ్చయి దీపాల కింది నుంచి జారి వచ్చిన పుస్తకపు కాగితం, ఆ ఫారం మీద అతను ముంజేయి ఆనించి చూశాడు. సిరా ఆరింది. అచ్చాఫీసులో అందరికీ అతను దీపాలాయన. సిరా ఆరబెట్టే ఆ ఆరు ఎర్రటి వేడి దీపాల పక్కన ఇరవై రెండేళ్లుగా నిలబడటంతో అతని ఎడమ చెంప కమిలిపోయింది. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే "చూద్దాంలే" అనేవాడు. చూస్తూ చూస్తూ యాభై దాటించాడు మహానుభావుడు!

ఫారాలు మడతపెట్టే బైండింగావిడకి ఆ రోజే ఆఖరు. భర్త పోయాక పదకొండేళ్లుగా ఎదురు బల్ల దగ్గరే పనిచేసింది. ఇప్పుడు చెల్లెలి ఊరికి వెళ్లిపోతోంది, ఇక అక్కడే ఉంటుందట. నాలుగింటికి పని ముగించి అయిదింటి బస్సెక్కాలి. "వెళ్లొద్దు" అన్న ఒక్క మాట వారం రోజులుగా దీపాలాయన గొంతులో కొట్టుకుంటోంది. నోరు పెగిలితేనా!

మూడున్నరకి ఆఖరి కట్ట అచ్చవుతోంది. అతను అటూ ఇటూ చూసి మూడు దీపాలు ఆర్పేశాడు. ఫారాలు తడితడిగానే ఒకదాని మీద ఒకటి పడి అంటుకుపోయాయి. పని కాగానే దీపాలన్నీ మళ్లీ వెలిగించాడు.

యజమాని వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఇదేం పనయ్యా! పిల్లల పుస్తకాలవి. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ విడదీయండి."

అతనికి కావలసిందీ అదే. బల్లకి చెరోవైపు కూర్చున్నారు.

"ఇన్నేళ్లలో మీ దగ్గర్నుంచి ఒక్క తడి కాగితం రాలేదు," అంది ఆవిడ తలెత్తకుండా. "ఇవాళేమైంది?"

"దీపాలు మొరాయించాయండీ."

ఆవిడ దీపాలకేసి చూసింది. ఆరూ భేషుగ్గా వెలుగుతున్నాయి.  అక్కణ్నుంచి ఒక్కో ఫారం ఎంతో నెమ్మదిగా విడదీసింది. పనిలో ఆవిడ అంత నెమ్మది ఎవరూ ఎరుగరు.

పావు తక్కువ అయిదుకి కట్ట అయిపోయింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుని కూడా నిలబడే ఉంది.

"ఏమన్నా చెప్పాలా?"

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"బస్సులో... కుడివైపు కూర్చోండి. ఎడమవైపు ఎండ కొడుతుంది."

"అలాగే," అంది. కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఛీ, ఇంతేనా నువ్వు, అని తనను తానే తిట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. ఫారాలు తిప్పడానికి ఆవిడ వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు బల్ల మీదే ఉండిపోయింది. అతను చిటికెన వేలికి పెట్టి చూస్తే, గోరు దాటి దిగలేదు.