ఎడమకి లాగే బండి

పోలిరాజు బానెట్ కింద తల దూర్చి చేతిపంపు కొడుతూనే ఉన్నాడు. వదులు చేసిన బోల్టు దగ్గర డీజిల్ రావాల్సిన చోట నురగ వస్తోంది. తెల్లగా, బుడగలు బుడగలుగా, మనిషి నోట్లోంచి వస్తున్నట్టు వస్తోంది. నిన్న సాయంత్రం ట్యాంకు మూత బిగించి, పైపులన్నీ చేత్తో తడిమి చూసుకున్నాకే ఇంటికి వెళ్లాడు. అయినా పొద్దున్నకి లోపల గాలి చేరింది. బండి కొని ఐదు వారాలు. గాలి చేరని పొద్దు ఒక్కటీ లేదు.

వాట్‌గంజ్ సందులో నీళ్ల వరస అప్పటికే మలుపు దాటింది. అతని భార్య కాసులమ్మ రెండు బిందెలు కాళ్ల దగ్గర పెట్టుకుని అందులో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుగా ఆమెకి ఆ వరసలోనే తెల్లారుతోంది. లోపలే కొళాయి ఉన్న గది ఒకటి చూసి పెట్టుకున్నారు. దానికోసం దాచుకున్నదంతా ఈ లారీ అయిపోయింది. ఆమె వద్దనలేదు. "నీకు మనసైతే కొనీ" అని, ఖాళీ బిందెలు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. అంతే.

"ఇంకా అవనేదేటి?" అంది వరసలోంచే.

"అయిపోతాది."

"మొకం నిండా సెమటేటి? సలికాలం వొచ్చీసినాది గదా."

"పంపు కొడతన్నాను కాదేటి."

చివరికి నురగ ఆగి సన్నటి ధారలా డీజిల్ వచ్చింది. బోల్టు బిగించి నడుం నిలబెట్టాడు. పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్లు. పదిహేడో ఏట భావనపాడు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి, ఓడలు ఆగే డాకులో బస్తాలు మోశాడు. మెడ వెనక అరచేయంత మేర చర్మం ఇప్పటికీ తోలుముక్కలా గట్టిగా ఉంటుంది. తర్వాత లారీ క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. ఇరవై ఆరేళ్లు ఒకే షావుకారు బళ్లు నడిపాడు. ఎవరినీ గుద్దలేదు. ఏ సరుకూ ఆలస్యం చేయలేదు. యూనియన్ ఊరేగింపుల్లో ఎర్రజెండా పట్టుకుని చివరి వరసలో నడిచాడు. షావుకారు పోయాక కొడుకులు బళ్లన్నీ అమ్మేసి, అతని చేతిలో ఒక మిఠాయి పెట్టె పెట్టి పంపేశారు. పెట్టె పట్టుకుని ఇంటికి వస్తుంటే దారిలో ఎవరో, "ఏటి పోలిరాజూ, మనవడు పుట్టాడా?" అని అడిగారు. అతనికి పిల్లలే లేరు. అవునన్నట్టు తలూపి వచ్చేశాడు.

ఈ ముక్కుపొడుగు లారీ హౌరాలో పాత బళ్ల యార్డులో కనిపించింది. "ఒకే డ్రైవరు చేతి బండి దాదా, పదకొండేళ్లు" అన్నాడు బ్రోకరు. ఆ మాట నిజమని సీటే చెప్పింది. ఎక్కి కూర్చోగానే అతని ఒళ్లు ఒక గుంటలోకి జారింది. ఎడమకి ఒరిగి కూర్చునే మనిషి ఎవరో ఏళ్ల తరబడి కూర్చుంటే పడిన గుంట అది. కొన్న మర్నాడే పోలిరాజు దూది మార్పించాడు. వారం తిరక్కుండా గుంట మళ్లీ అక్కడే పడింది.

డాకుకి వెళ్లే ముందు మెకానిక్ కొండయ్య షెడ్డు దగ్గర ఆపాడు. కొండయ్యది వాళ్ల ఊరి వైపే. వరసకి అల్లుడు.

"ఇంకా ఎడమకి లాగేస్తందిరా. నిన్న కొత్త వంతెన మీద రెండు సేతులా పట్టుకున్నా ఆగనేదు. బుజం పీకీస్తంది."

"నాలుగుసార్లు ఇప్పినాను మావా. పట్టీలు సూసినాను, ఇరుసు సూసినాను, టైర్లు మార్సినాను. ఏటీ నేదు."

"ఉంది. నువ్వు నడిపి సూడు."

కొండయ్య చేతులు తుడుచుకుని ఎక్కాడు. డాకు గోడ పక్కన రోడ్డు తిన్నగా ఉంటుంది. బండి వేగం అందుకున్నాక అతను స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశాడు. లారీ దారం పట్టి లాగినట్టు తిన్నగా పోయింది. గోడ మీది ఎన్నికల రాతలు ఒకదాని వెనక ఒకటి దాటుతున్నాయి. బండి ఇటు గానీ అటు గానీ జానెడు ఒరగలేదు.

"సూసినావా?"

సీట్లు మారారు. పోలిరాజు స్టీరింగు పట్టుకుని, బండి తిప్పుకుని అదే రోడ్డు మీద నడిపాడు. యాభై గజాలు పోయేసరికి ఎడమ చక్రం రోడ్డు అంచు దిగి మట్టిలో పడింది.

కొండయ్య ముఖంలో నవ్వు పోయింది. బండి లోపలంతా ఒకసారి చూసి, తలుపు తీసుకుని దిగిపోయాడు. దిగాక కిటికీ దగ్గర నిలబడి, "నీ సేతికే అలగెల్తంది మావా. దీన్ని అమ్మీ" అన్నాడు చిన్నగా.

"ఎవుడికమ్మను? కొన్నోడు నా లాటోడే గదా."

డాకులో పప్పు బస్తాలు ఎక్కించేసరికి పదకొండు దాటింది. గేటు దగ్గర గుమాస్తా బాబు కాగితం ఇస్తూ, రేపు బంద్ అని, నాలుగు గంటల్లోపు సంత్రాగాఛి గూడ్స్‌షెడ్‌లో సరుకు దిగకపోతే రెండు రోజులు రోడ్డు మీదే ఉండాల్సి వస్తుందని చెప్పాడు. దిగుతుందన్నాడు పోలిరాజు. ఆ మాట అనడం అతనికి అలవాటు. ఇరవై ఆరేళ్లలో అది ఒక్కసారీ తప్పలేదు.

వంతెన ఎక్కేచోట రెండో గేరులో బండి మూలుగుతూ పాకింది. కింద గంగ బూడిద రంగులో ఉంది. పడవలు కదులుతున్నట్టే లేవు. అప్పుడు మళ్లీ ఆ చప్పుడు వినిపించింది. పది రోజులుగా వింటున్నాడు. ఇంజను చప్పుడు కాదు. క్యాబిన్‌లోనే, చెవికి దగ్గరగా, ఎవరో బరువు మోసుకుని మెట్లెక్కుతూ ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. పక్క సీటు ఖాళీ. సరిగ్గా విందామని పోలిరాజు తన ఊపిరి బిగబట్టాడు. ఆ చప్పుడూ ఆగింది. ఊపిరి వదిలాడు. అదీ వదిలింది.

కిటికీ అద్దం పూర్తిగా దించి, బయటి రొద లోపలికి రానిచ్చాడు.

మూడున్నరకి సరుకు దిగింది. లెక్క సరిపోయిందని షెడ్డు బాబు సంతకం పెట్టాడు. పోలిరాజు ఖాళీ బండి తిప్పుకుని బయల్దేరాడు. జీల్ అనే పెద్ద చెరువు మీద ఆ ఏటి వలస బాతులు అప్పుడే దిగుతున్నాయి. రైల్వే క్వార్టర్లు దాటాక రోడ్డు కాస్త ఎత్తు ఎక్కుతుంది. అక్కడ ఎడమ చేతి వైపు నాలుగు పెంకుటిళ్లు. ఆ ఎత్తు సగం ఎక్కగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఇది మూడోసారి. ట్యాంకులో డీజిల్ తగ్గినప్పుడు ఎత్తులో గాలి పడుతుందని కొండయ్య చెప్పాడు. అది అర్థమైంది. అర్థం కానిది వేరే ఉంది. మొదటిసారి ఆగినప్పుడు మూడో ఇంటి తలుపు తెరుచుకుని ఒక ముసలామె నీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. అతని వంక చూడలేదు. లారీ ముక్కు వంక చూసింది. చూసి, గ్లాసుతోనే లోపలికి వెళ్లిపోయింది. రెండోసారీ అంతే.

ఈసారి కూడా తలుపు తెరుచుకుంది. ఈసారి ఆమె లోపలికి వెళ్లలేదు. రోడ్డు దాకా వచ్చి గ్లాసు అందించింది.

"తాగు బాబూ."

తెలుగు విని పోలిరాజు ఉలిక్కిపడ్డాడు. "నేను తెలుగోడినని ఎలగ తెలిసినాదమ్మా?"

"మొన్న బండిని తిట్టుకుంటంటే విన్నాను." ఆమె చేయి చాపి బానెట్ మీద పెట్టింది, పశువు ముట్టె మీద పెట్టినట్టు. "ఇది మా ఆయన నడిపిన బండి. పదకొండేళ్లు. సూరన్న అంటే యార్డు కాడ అందరికీ తెలుసు. నా పేరు జగ్గమ్మ."

"సూరన్న ఇప్పుడు..."

"పోయి మూడేళ్లయినాది. తెలుసు నాకు, పోయినాడని. అయినా సద్దు ఇనబడితే కాల్లు ఆగవు. గలాసు ముంచుకుని వొచ్చీసినాక గేపకమొస్తాది."

పోలిరాజు నీళ్లు తాగాడు. బండి ఎప్పుడూ ఇక్కడే ఎందుకాగుతుందని అడిగాడు.

జగ్గమ్మ నవ్వింది. పళ్లు రెండు లేవు. "ముందునుంచీ ఇక్కడే ఆగీది. ఆగినప్పుడల్లా తిట్టుకునీవోడు. ఆకరికి, ఇది ఎక్కడాగితే అక్కడే కాపరం పెట్టీద్దాం అని ఈ ఇల్లు తీసినాడు."

పోలిరాజు కూడా నవ్వాడు. బండి కొన్నాక నవ్వడం అదే మొదలు. బోల్టు వదులు చేసి పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ఇరవైసార్లు కొట్టేసరికి చేయి ఆడలేదు. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని బంపరు మీద కూర్చుండిపోయాడు.

"ఏటయినాది?"

"ఏటీ కాదమ్మా. ఈ బండి ఎడమకి లాగీస్తంది. పొద్దల్లా పట్టుకుని పట్టుకుని బుజం, సెయ్యి పీకతన్నాయి."

జగ్గమ్మ ముఖం మారింది.

"ఆయనా అదే అనీవోడు" అంది. "ఎడమకి లాగతంది, ఎడమకి లాగతంది అని. మేస్త్రీలు ఇప్పి సూసి ఏటీ నేదనీవోరు. బండిలో ఇంకోడెవుడో ఊపిరి తీస్తన్నాడు జగ్గీ అనీవోడు. నేను సీటుకింద నిమ్మకాయ కట్టినాను."

పోలిరాజు చేతిలోంచి పానా జారి రోడ్డు మీద పడింది.

"ఆయన పోయిన రోజొక్కటే ఇది ఆగిపోనేదు" అంది జగ్గమ్మ. "ఆయనే ఇంటి ముందర నిలబెట్టినాడు. ఇంజను ఆడతానే ఉంది. అలిసిపోయి తొంగున్నాడనుకున్నాను. అన్నం వార్సినాను, కూర కాగబెట్టినాను, అప్పుడెల్లి పిలిసినాను. ఆస్పత్రి డాక్టరు, గుండెకాయమ్మా, నెల్లాళ్లుగా సెప్తానే ఉండుంటాది అన్నాడు." ఆమె వంగి పానా తీసి అతని చేతిలో పెట్టింది. "బండి కాదు బాబూ లాగింది. ఆయన సెయ్యే. నువ్వు బేగి ఎల్లి సూపించుకో."

దూరంగా లోకల్ రైలు కూత వినిపించింది. పోలిరాజు తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడిచి తెరిచి చూశాడు. పొద్దున గోడ పక్కన తిన్నగా పోయిన బండి గుర్తొచ్చింది. మట్టిలో పడ్డ చక్రం గుర్తొచ్చింది. ఐదు వారాలుగా ఒక ఇనుమును అనుమానిస్తూ తిరిగాడు. భయం వేయాల్సింది. దానికంటే ముందు సిగ్గేసింది.

"రేపు బందు గదమ్మా. ఏ బండీ తిరగదు. ఎల్లుండెల్తాను."

"ఇప్పుడే ఎల్లు."

"ఇప్పుడు ఇంటికెల్లాలి. ఇంటిది ఎదురు సూస్తాది."

మిగతా పంపు జగ్గమ్మే కొట్టింది. ఎన్నిసార్లు కొట్టాలో, ఎక్కడ ఆపాలో ఆమె చేతికి తెలుసు. పోలిరాజు ఆమె ఇంటి ముందు బోరింగు దగ్గర ముఖం, చేతులు కడుక్కున్నాడు. గుమ్మానికి ఆరడుగుల్లో సొంత నీళ్లు. కాసులమ్మని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలనుకున్నాడు. భుజం మీది తుండు తీసి, మసి వదిలేదాకా రాతి మీద రుద్ది జాడించాడు. గట్టిగా పిండటానికి ఎడమచేయి సహకరించలేదు. నీళ్లోడుతున్నదాన్ని అలాగే తీసుకెళ్లి వసారాలో కట్టిన తాడు మీద ఆరేశాడు.

"ఇంజను అందుకుంటాదో నేదో సూసొచ్చి తీసుకుంటాను" అన్నాడు.

ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ కూడా రాలేదు. మెత్తగా, ఒకే తీరున ఆడింది. వెలుతురు పలచబడుతోంది. బాగా ఆడుతోందని చెప్పడానికన్నట్టు పోలిరాజు కిటికీలోంచి ఆమెకి చేయి ఊపాడు. జగ్గమ్మ గ్లాసు లోపల పెట్టడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి బండి అక్కడే ఉంది.

"బాబూ" అని పిలిచింది.

ఇంజను ఆడుతోంది. అతని తల ఎడమకి ఒరిగి ఉంది, పక్క సీటు మీద ఏదో వెతుక్కుంటున్నట్టు. జగ్గమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. అప్పుడు అన్నం ఉడికేంతసేపు తెలియలేదు. ఇప్పుడు ఒక్క చూపుకే తెలిసింది. అయినా కదల్లేదు. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ, ఇంకా ఏమీ జరగనట్టే ఉంది. క్వార్టర్ల వైపు నుంచి ఎవరో సైకిల్ మీద వస్తూ, లారీ లోపలికి ఒకసారి చూసి, దాటిపోయి, మళ్లీ వెనక్కి చూశాడు.

అప్పుడు ఆమె లారీ ముక్కు చుట్టూ తిరిగి డ్రైవరు వైపుకి వెళ్లింది. మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి, అతని మోకాలి పక్కనుంచి చేయి పోనిచ్చి, ఇంజను ఆపే తీగ లాగింది. లాగి పట్టుకుంది. చప్పుడు ఆగాక బాతుల అరుపులు వినిపించాయి.

జనం వచ్చారు. సైకిలు మనిషి పోలిరాజు జేబులోని కాగితం మీద నంబరు చూసి, వాట్‌గంజ్‌లో కొండయ్య షెడ్డు పక్క దుకాణానికి ఫోను చేయడానికి వెళ్లాడు. నలుగురు పట్టి దించారు. అంత చిన్న మనిషి అంత బరువున్నాడేమిటని ఒకతను బెంగాలీలో అన్నాడు. వసారాలో జగ్గమ్మ చాప పరిచింది. పడుకోబెట్టాక, నెత్తి మీద తగులుతోందని ఎవరో తాడు మీది తుండు తీయబోయారు.

"ఉండనీండి" అంది. "ఇంకా ఆరనేదు. ఆయన ఇంటిది వొస్తాది."

ఎర్రగళ్ల తుండు, నాలుగు మూలలూ సరిగ్గా లాగి, ముడత లేకుండా ఆరేసి ఉంది. దాని కింది అంచున నీళ్లు చేరి, చుక్కై రాలడానికి ఇంకా తొందరేమీ లేనట్టు వేలాడుతున్నాయి.