తొమ్మిదిన్నర నిమిషాలు

బ్యాటరీ అయిపోతే పిల్ల ఏం చేస్తుంది, అదీ వంతెన మధ్యలో, కింద నది, పక్కన పట్టుకోవడానికి కమ్మీ అయినా ఉంటుందో లేదో, చేతిలో సూది కదలని కెమెరా, అయినా సరే మీటరున్నదే కొనాలి, ఈ విషయంలో మాత్రం తనకి రెండో ఆలోచన లేదు, బ్యాటరీలు రెండు ఎక్కువ కొని ఒకటి పిల్ల సంచిలో, ఒకటి జేబులో వేస్తుంది, మూడోది కూడా, ఎందుకైనా మంచిది, పొడిగుడ్డలో చుట్టి ఇస్తుంది, భయపడేవాళ్ళకే ఏర్పాట్లు ముందు గుర్తొస్తాయి, ఇంట్లో వానొస్తే తడవకుండా వచ్చేది తనొక్కతే కదా అనుకుంటూ ఆమె గాజు బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ వైపు చూసింది, గుడ్డ మీద రెండు కెమెరాలు, అన్నదమ్ముల్లా ఉన్నాయి, రెండూ రీలు వేసేవే, రెండూ తన పెళ్ళినాటివే, రెండింటికీ పైన చిన్న కిటికీ, కన్ను పెట్టి చూస్తే ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు, లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పితే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒక్కడైపోతాడు, అప్పుడు నొక్కాలి, ఎడమవైపు దాంట్లో వెలుగు ఎంతుందో చెప్పే సూది ఉంది, కుడివైపు దాంట్లో అదీ లేదు, కళ్ళే దిక్కు, మరి కూతురు చెయ్యి కుడివైపు దాన్నే నిమురుతోంది, ఎందుకు నిమరదు, చిన్నప్పుడు కూడా అంతే, గోడ ఉన్న మేడ వదిలేసి గోడ లేని మేడ మీదే ఆడుకునేది, కొట్టాయన, నుదుటి మీదికి తోసుకున్న భూతద్దంతో మూడో కన్నున్నవాడిలా కూర్చున్నాయన, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చూడమ్మా, ఈ మీటరున్నది అత్తగారి లాంటిది, ప్రతిదానికీ ఒక మాట చెబుతుంది, ఆ రెండోది మామగారు, మీరేం చేసినా పేపరు చదువుకుంటాడు అన్నాడు, కూతురు పకపకా నవ్వింది, ఆమెకి నవ్వు రాలేదు, పైగా ఈ రకం కెమెరాలో ఇంకో గండం ఉంది, లెన్సు మూత తీయడం మరిచిపోయినా కిటికీలో బొమ్మ శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది, రీలంతా తీశాక గానీ తెలియదు ఒక్కటీ పడలేదని, మూత సంగతి తరవాత చూద్దాం, ముందు మీటరు.

సోమవారానికి ఇంకా ఐదు రోజులు, ఐదు రోజులంటే ఎంత, జలుబు తగ్గడానికే చాలవు, సోమవారం పొద్దున ఆ ఫొటోగ్రాఫరు పెద్దాయన ముందు ముప్ఫైయారు బొమ్మల రీలు ముక్కలు కోయకుండా నిలువునా పెట్టాలి, అదీ ఆయన షరతు, బాగున్నవి ఏరి తెచ్చేవాళ్ళని ఆయన గుమ్మంలోకే రానివ్వడట, పాత రైలు వంతెన కూల్చేలోపు దానిమీద పనిచేసేవాళ్ళందరినీ ఫొటోలు తీసి పుస్తకం వేస్తున్నాడు, పక్కన ఉండి తీయడానికి ఒక్క మనిషి కావాలి, ఒక్కరే, నాలుగేళ్ళుగా పాస్‌పోర్టు ఫొటోల్లో చెవులు సరిచేస్తూ కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకి అది ఉద్యోగం కాదు, ఊపిరి, మొదటి రీలు వాళ్ళ నాన్న పాత కెమెరాతో, అది ఇప్పుడు పిడి విరిగి మూలపడింది, తీసి పట్టుకెళ్ళింది, పెద్దాయన ఆ రీలుని కిటికీకి ఎత్తి పట్టుకుని ఒక చివరనుంచి చూసుకుంటూ వచ్చాడట, ఎండలో తీసినవి చూసి తల ఊపాడట, వంతెన కింద ఇనప దూలాల నీడలో తీసినవి పదకొండు, పదకొండూ పలచగా, గాజులాగా, అవతల ఉన్న ఆకాశం కనబడేంత పలచగా, అమ్మాయీ, నీడలో మనుషుల్ని పారేసుకుంటున్నావు, వంతెన పనివాళ్ళు బతికేదే నీడలో, ఇంకొక్కసారి చూస్తా, ఆ తరవాత చూడను అన్నాడట, ఆ మాట చెబుతూ పిల్ల ఏడవలేదు, వంటింటి గట్టు మీద కూర్చుని చెంచాతో గట్టుని టకటకా కొట్టింది, అదే ఎక్కువ భయం వేసింది, ఏడిస్తే ఎలా ఓదార్చాలో తనకి తెలుసు, నీకింకా కన్ను కుదరలేదే, అందుకే మీటరున్నది కొనుక్కో అని ఆరోజు తనే అంది, ఆ మర్నాడూ అంది, వారమంతా అంది, వాళ్ళ నాన్నేమో పడక్కుర్చీలోంచి లేవకుండానే, మీటరెందుకు, నా ముప్ఫై ఏళ్ళ లెక్క ఉందిగా, మీటరున్నది తెచ్చారో, దాన్ని బయట అరుగు మీదే పడుకోబెట్టండి అన్నాడు, ఈ ఉదయం చెప్పులు వేసుకుంటుంటే కూడా అదే మాట, పైగా పిల్లకి చిన్నప్పుడు నేర్పిన లెన్సు కన్నం లెక్కల పాట ఇంకోసారి పాడించాడు, ఎండకి పదహారు, మబ్బుకి పదకొండు, నీడకి ఎనిమిది, ఎక్కాల్లాగా.

కొట్టాయన మీటరున్న కెమెరా తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు, రా తల్లీ, మాటలెందుకు, చూసుకో, మొదటి అంతస్తు, కిటికీ ఎండ పడని వైపు, కింద ఎదురుగా మెట్ల నీడలో సైకిళ్ళు బాగుచేసే మనిషి తలకిందులుగా నిలబెట్టిన సైకిలు చక్రం తిప్పుతూ దాని వంకర చూస్తున్నాడు, ఆ మనిషి మొహం మీద పెట్టు, సూది ఎక్కడ ఆగుతుందో చెప్పు, కూతురు కన్ను పెట్టింది, ఎడమ కన్ను మూస్తే నోరు కూడా ఓ పక్కకి పోతుంది దీనికి, అచ్చం వాళ్ళ నాన్నే, ఆమె కూడా చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెళ్ళిన మనిషి ఊరుకోక, వాన పడుతోందా అని చూసేవాళ్ళలా చెయ్యి బయటికి చాచి అరచెయ్యి తిప్పింది, బొటనవేలి కింద గుంట బూడిదరంగులో ఉంది, గీతలు తెలుస్తున్నాయి, గుంట అంచు మాత్రం కలిసిపోయింది, ఐదు పాయింటు ఆరు, ఫైవ్ సిక్స్ అంది, తనలో తను అన్నాననుకుంది గానీ పైకే అంది, అదే సమయానికి కూతురు, ఫైవ్ సిక్స్ దగ్గర ఆగింది అంకుల్, కానీ ఇది తప్పు, మీ మీటరు పాడైంది, నీడకి ఎనిమిది కదా, మా నాన్న ముప్ఫై ఏళ్ళు అలాగే తీశాడు, కొట్టాయన సొరుగు లాగి, అరచేతిలో పట్టే విడి మీటరొకటి తీసి, కిటికీ బయట పెట్టి చూసి, ఇద్దరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు, ఫైవ్ సిక్స్, కొత్తది తల్లీ, పోయిన నెలే కొన్నా అని, అప్పుడు ఆమె వైపు తిరిగి భూతద్దం కిందికి దించుకుని ఆ అరచేతిని చూశాడు, ఏమ్మా, మీరెక్కడైనా లోపల సూది పెట్టించుకున్నారా.

ఎనిమిది, అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది, ఎనిమిదంటే ఫైవ్ సిక్స్‌కి సగం వెలుగే, ఈ సంగతి తనకి ఎప్పటినుంచి తెలుసు, బడి వరండా గుర్తొచ్చింది, మూడు వరసల బల్లలు, అరవైమంది పిల్లలు, మధ్యలో కుర్చీలో హెడ్మాస్టరు, కదలొద్దు, కళ్ళార్పొద్దు అని అరుస్తూ భర్త, వెనక సంచి పట్టుకుని తను, పెళ్ళయి ఆరు నెలలు, అరచెయ్యి అలా తిప్పి చూసుకుని, ఏవండీ, వెలుగు చాలదేమో అనబోయి, అరవైమంది ముందు మొగుణ్ణి తప్పంటే ఎలాగని నోరు మూసుకుంది, భయం, పడకపోతే డబ్బులు తిరిగివ్వాలి, పడకపోతే ఆయన మొహం ఎలా చూడాలి, ఇంటికొచ్చి చీకటి గదిలో రీలు డబ్బాలోకి తడుముకుంటూ చుట్టి, మందు పోసి, గోడ మీద ఆయన చేత్తో రాసిపెట్టిన ఎనిమిది నిమిషాల దగ్గర ఆపకుండా, ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ తొమ్మిదిన్నర దాకా ఊపింది, రీలు మీద బొమ్మ చిక్కబడింది, మొహాలన్నీ వచ్చాయి, మందు వాసనకి తుమ్ములొస్తాయని ఆయన ఆ గదిలోకి ఏనాడూ రాలేదు, తడి రీలు దారానికి వేలాడుతుంటే వచ్చి, చూశావా నా కన్ను అన్నాడు, అవునండీ అంది తను, ఆ తరవాత నీడలో తీసిన ప్రతి రీలుకీ తొమ్మిదిన్నర, రీళ్ళు ఆగిపోయేదాకా ఇరవై రెండేళ్ళు, ప్రతిసారీ చూశావా నా కన్ను, ప్రతిసారీ అవునండీ, ఆ మూలే స్టూలు మీద కూర్చుని ఆరేళ్ళ పిల్ల నీడకి ఎనిమిది, నీడకి ఎనిమిది అని కాళ్ళూపుకుంటూ బట్టీ పట్టింది, మొన్నటి రీలు పిల్ల లాబ్‌లో కడిగించింది, వాళ్ళెవరో లెక్క ప్రకారం సరిగ్గా ఎనిమిది నిమిషాలుంచి తీశారు, వాళ్ళకేం తెలుసు, ఒక తల్లి భయపడి ఎక్కువసేపు ఊపుతుందని వాళ్ళకెవరు చెప్పాలి, పదకొండుమంది అలా పోయారు, పిల్ల పారేసుకోలేదు వాళ్ళని, తన నోరే పారేసింది, పైగా వారం రోజులు, నీకింకా కన్ను కుదరలేదే.

ఇప్పుడు మాత్రం ఏం మించిపోయింది, మీటరున్నది కొనేస్తే సరి, సూది ఫైవ్ సిక్స్ అంటుంది, పిల్ల అలాగే పెడుతుంది, సోమవారం గట్టెక్కుతుంది, ఇంట్లో ఆయన పెద్దరికం చెక్కు చెదరదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఎంత తేలిక, అవును, తేలికే, అప్పుడూ ఇంత తేలికగానే ఉంది, డబ్బా ఇంకో నిమిషంన్నర ఊపితే సరిపోయేది, ఈ సూది కూడా నోరు మూసుకుని సరిదిద్దుతూ పోతుంది, పిల్ల మాత్రం తన కన్ను మంచిది కాదనే నమ్మకంతో ముసలిదైపోతుంది, ఆమె గుండె దడదడలాడింది, అది మామూలే, గ్యాసు కట్టేశానా అనుకున్నా అంతే దడ, కానీ గొంతు మాత్రం వింతగా నిలకడగా వచ్చింది, నాన్న లెక్క నీడలో ఒక మెట్టు తక్కువే, ఎప్పుడూ తక్కువే, మీటరు సరిగ్గానే ఉంది, కూతురు కెమెరా దించింది, మరి మనింట్లో గోడ నిండా ఉన్న ఫొటోలు, బళ్ళవీ, ఆఫీసులవీ, అవన్నీ అంత బాగా ఎలా వచ్చాయి, నేనే, ఇంకో నిమిషంన్నర ఉంచి కడిగేదాన్ని, ఎవరికీ చెప్పలేదు, కొట్టాయన అప్పటికే తుడిచిన లెన్సుని మళ్ళీ తుడుస్తూ గోడ వైపు తిరిగాడు, అయితే అమ్మా, నా కన్ను కుదరలేదని వారం రోజులు దంచావు, తప్పే, చెంచాతో గట్టు పగలగొట్టుకున్నాను నేను, తప్పేనే, అన్నాను కదా, నాన్నకి తెలుసా, తెలీదు, చెబుతావా, చెబుతాను, ఎప్పుడు, ఇంటికెళ్ళగానే, చెప్పులు విప్పకముందే, విప్పితే కాళ్ళు వంటింట్లోకి పోతాయి, అప్పుడు నవ్వింది కూతురు, కోపం పూర్తిగా పోని నవ్వు, కళ్ళ దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది, నాన్న రెండు రోజులు మాట్లాడడు చూడు, మాట్లాడకపోతే పోనీ, రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మూడో రోజు ఆయనే వచ్చి, నాకు ముందే అనుమానం ఉంది అంటాడు, అనకపోతే నా పేరు మార్చెయ్, గోడకేసి తిరిగిన కొట్టాయన భుజాలు నవ్వుతో కదిలాయి.

మరిప్పుడు ఏది కొనమంటావు అని అడిగింది కూతురు, అడగడంలో బెదురు లేదు, ఆమె రెండు కెమెరాల వైపూ చూసింది, ఎడమదానికి బ్యాటరీ అయిపోవచ్చు, సూది అలవాటు తప్పవచ్చు, కుడిదానికి అయిపోయేదేమీ లేదు, ఉన్నదంతా పట్టుకున్న మనిషిలోనే ఉండాలి, మీటరు లేనిదే తీసుకో, సోమవారం దాకా రోజూ వంతెన దగ్గరికి నేనూ వస్తా, చెయ్యి చూడటం నేర్పుతా, ఆ తరవాత నేను రాను, నువ్వు రమ్మన్నా రాను అంది, రాను అన్న మాట అబద్ధమని ముగ్గురికీ తెలుసు, కొట్టాయన కుడిదాంట్లో రీలు వేసి పిల్ల చేతికిచ్చి, ఆకుపచ్చ గుడ్డ మడిచి, అత్తగారిని మళ్ళీ అలమారలో పెట్టేశాడు, మెట్లు దిగుతుంటే మబ్బు పట్టింది, ఎదుటి మెట్ల కిందికి వెళ్ళేసరికి నీడ ఇంకా చిక్కబడింది, సైకిలు మనిషి తలెత్తి చూశాడు, కూతురు ఆయన్ని అడిగింది, ఒక ఫొటో తీసుకోనా బాబాయ్, తీసుకోమ్మా, చక్రం మాత్రం ఆపను అన్నాడు, కూతురు చెయ్యి చాచి అరచెయ్యి తిప్పింది, ఆ చెయ్యి పక్కనే తన చెయ్యి, రెండు చేతుల్లోనూ బొటనవేలి కింద ఒకే గుంట, ఒకే లోతు, గుంటలో గీతలు సగం మునిగిపోయాయి, ఫైవ్ సిక్స్, కాదు కాదు, నాలుగు అంది కూతురు, ఆమె గొంతు కూడా అప్పుడే నాలుగు అంది, ఎందుకు మార్చావు అని అడిగితే, ఏమో అమ్మా, చాలదేమోనని భయమేసింది, ఆ, భయమేస్తే ఇంకాస్త ఇవ్వు, ఎక్కువైన వెలుగుని రీలు ఓర్చుకుంటుంది, పడని మొహాన్ని ఎంతసేపు ఊపినా నిండుగా తేలేం, నేను ఊపి చూశాను కదా, కూతురు కిటికీలో కన్ను పెట్టి రింగు తిప్పింది, లోపల ఇద్దరు సైకిలు మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు జరుగుతుంటారు, ఆమె చటుక్కున చెయ్యి చాచి లెన్సు మూత లాగి, ఇంకెప్పుడూ దాని జోలికి పోకుండా తన చేతిసంచి అడుగున గొళ్ళెం ఉన్న అరలో పడేసి గొళ్ళెం వేసింది, టిక్కుమంది, ఎంత చిన్న చప్పుడు, చక్రం తిరుగుతూనే ఉంది, చాలదేమో, చాలదేమో అని ఇన్నేళ్ళూ లోపల కొట్టుకున్నదంతా పిరికితనమే అనుకుంటూ వచ్చింది తను, కాదు, అది కొలత, సరైన కొలతే, వెలుగులో నిలబడి పైకి చెప్పలేదు, అంతే.