పుస్తకంలో ఏడో మాట

దర్జీకి ఒక అలవాటుంది. కుట్టడం పూర్తయిన బట్టను ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించి, పుస్తకంలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టేస్తాడు. ఇక దాని మొహం చూడడు. ఇరవై ఏళ్లుగా ఆ అలవాటే అతనికి అన్నం పెట్టింది. కూతురి విషయంలో మాత్రం కొంప ముంచింది.

కూతురికి నాలుగేళ్లు నిండాయి. ఇంట్లో గువ్వ అంటారు. చెవులు చక్కగా వినబడతాయి, గుండీలన్నీ రంగుల వారీగా ఏరి డబ్బాల్లో వేస్తుంది, నవ్విస్తే కడుపు పట్టుకుని నవ్వుతుంది. మాటలే లేవు. ఉన్నవి పదో పన్నెండో. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళుతుంది. "అవే వస్తాయిలే" అని ఊళ్లోవాళ్లందరూ ధైర్యం చెప్పి చెప్పి అలిసిపోయాక, ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆవిడ వారానికి నాలుగు మాటలు చొప్పున ఇచ్చింది. "వస్తువు చేతిలో ఉండగా దాని పేరు అనండి. అన్నాక కాస్త ఆగండి, తొందరపెట్టొద్దు. పాత మాటల్ని అస్సలు వదలొద్దండీ. మిగతా పిల్లలకి నాలుగుసార్లు వింటే వచ్చే మాట, మన గువ్వకి అంతకి ఎన్నో రెట్లు వినబడాలి. రోజులు గడిచాక మళ్లీ మళ్లీ రావాలి" అంది.

దర్జీ బుద్ధిగా తలూపాడు. ఆగమన్న ముక్క తలకెక్కింది. పాత మాటల్ని వదలొద్దన్న ముక్క మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. దారిలోనే కొత్త పుస్తకం కొన్నాడు.

సుద్ద. టేపు. దారం. ఒక్కో మాటకీ ఒక్కో నంబరు. గువ్వ నోట మాట వచ్చిందా, టిక్కు. వెంటనే తర్వాతది. ఏడో మాట 'నొప్పి'. ఆ రోజు గువ్వ మోకాలు మిషను కాలికి కొట్టుకుంది. నిమురుతూ అతను పొద్దంతా ఆ మాటే అన్నాడు. మధ్యాహ్నానికి పిల్ల మోకాలి మీద చెయ్యి పెట్టి స్పష్టంగా "నొప్పి" అంది. దర్జీ ఎగిరి గంతేసి, పెద్ద టిక్కు పెట్టాడు. ఆ తర్వాత ఆ మాట ఆ కొట్లో మళ్లీ వినబడలేదు.

రెండు నెలలయ్యేసరికి పుస్తకంలో ముప్పై ఒక్క టిక్కులు. కొలతలిచ్చే వాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

అప్పుడొచ్చింది ఆ సోమవారం. గువ్వ తిండి ముట్టలేదు. గుండీల జోలికి పోకుండా బట్టల మూట మీద తల వాల్చి పడుకుంది. ముట్టుకుంటే చాలు, గయ్యిమంటోంది.

"ఏవండీ, ఎక్కడైనా నొప్పేమో అడగండి" అంది భార్య, ప్యాకింగు పనికి వెళుతూ గుమ్మంలో ఆగి.

"నొప్పయితే నొప్పని చెప్పదూ? వచ్చిన మాటేగా! మనం అందించామంటే ఇక నోరు విప్పదు. ఆగుదాం."

ఆగాడు. మంగళవారమూ ఆగాడు. అంత ఓపిక అతను జన్మలో ఎప్పుడూ చూపించలేదు, చూపించకూడని చోటే చూపించాడు. బుధవారం గువ్వ గుండీల డబ్బా విసిరికొట్టింది. అతనికి ఒళ్లు మండింది. "మొండితనం ఎక్కువైంది నీకు!" అని అరిచాడు. పిల్ల ఏడుస్తూ రెండు చేతులతో చెవులు మూసుకుంది. తన అరుపుకే మూసుకుందనుకున్నాడు.

గురువారం పొద్దున దిండు మీద పసుపు మరక కనిపించింది. కుడి చెవిలోంచి చీము కారుతోంది.

"కర్ణభేరి పగిలింది. ఇన్ని రోజులూ పిల్ల చెప్పలేదా?" అన్నాడు డాక్టరు.

భార్య అతని వైపు చూసింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

అటునుంచటే టీచరమ్మ దగ్గరికి వెళ్లి, పుస్తకం తెరిచి ఏడో మాట చూపించాడు. "వచ్చిన మాటేనమ్మా. చూడండి, టిక్కుంది."

"దీన్ని మళ్లీ ఎప్పుడన్నారు?" అని మాత్రం అడిగిందావిడ.

దర్జీ పుస్తకం మూసేశాడు. కొలత చూడ్డానికి పైపైన వేసిన కుట్టుని నమ్మి బట్ట ఇచ్చేసే దర్జీ ఎక్కడైనా ఉంటాడా? తను ఇచ్చేశాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

చీము ఆగింది. ఆ చెవికి వినికిడి మాత్రం పూర్తిగా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. దర్జీ టిక్కులు మానేశాడు. సుద్ద ముట్టుకుంటే సుద్ద అంటాడు, దారం తెగితే దారం అంటాడు, గువ్వ చెవిలో చుక్కలు వేసినప్పుడల్లా నొప్పి అంటాడు. ఎన్నిసార్లంటాడో లెక్కపెట్టడు.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం, కాజాలు కుడుతుంటే సూది వేలిలో దిగింది. "అబ్బా" అన్నాడు. గువ్వ గుండీలు వదిలేసి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. వేలి మీద రక్తపు చుక్క చూసింది. పెదాలు కదిపింది. మాట కోసం చాలాసేపు వెతుక్కుంది.

"నొప్పి?" అని అడిగింది.

ఆ మూడు రోజుల్లో తను అడగాల్సింది ఆ ఒక్క మాటే. దర్జీకి దుఃఖం ఆగలేదు. "అవునమ్మా" అన్నాడు గొంతులోనే.

గువ్వకి సరిగ్గా వినబడినట్టు లేదు. తల తిప్పి, బాగున్న చెవిని అతని నోటి దగ్గర పెట్టింది.